క్రిప్స్‌ది రాయబారం... మరి రూజ్‌వెల్ట్‌ది?

సందేహం: ‘క్రిప్స్ రాయబారం’ అని పుస్తకాల్లో చదువుతున్నాం. రాయబారం శత్రువుల మధ్య నడిచేది కదా? 1942లో భారతదేశం గురించి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ల మధ్య నడిచినదాన్నీ రాయబారం అనవచ్చా, దౌత్యం అనాలా? వాళ్లు మిత్రులు కదా!
– గ్రూప్స్ అభ్యర్థి, అశోక్‌నగర్, హైదరాబాద్

సమాధానం: రాయబారానికి శత్రుత్వం ఉండి తీరాలనేమీ లేదండీ. పెళ్లి సంబంధం కుదిరేదాకా అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసే మేనమామ చేసేదీ రాయబారమే. నాటకంలో కృష్ణుడి వేషం కళ్లముందు మెదలబట్టి మనకు యుద్ధం గుర్తొస్తుంది. పంపినవాళ్ల మాట చెప్పడమే రాయబారి పని. బ్రిటన్ మంత్రి క్రిప్స్ 1942 మార్చిలో లండన్ యుద్ధ మంత్రివర్గం మాట పట్టుకుని ఢిల్లీ వచ్చాడు: యుద్ధం ముగిశాక అధినివేశ ప్రతిపత్తి (డొమినియన్ హోదా, అంటే బ్రిటిష్ రాజు కిందే స్వపరిపాలన) ఇస్తాం, ఇష్టంలేని రాష్ట్రాలు విడిగా ఉండవచ్చు, సంస్థానాల ప్రతినిధులను పాలకులే పంపుతారు. అంటే మన హైదరాబాద్ తరఫున వెళ్లేది నిజాం మనుషులే! అప్పటికప్పుడు చేతికొచ్చేది మాత్రం స్వల్పం. నన్నడిగితే ఇది కృష్ణ రాయబారం కన్నా సంజయ రాయబారానికి దగ్గర. రాజ్యం ఇస్తామనకుండా శాంతి కోరడమే అక్కడా జరిగింది.

ఏప్రిల్ మొదట్లో రూజ్‌వెల్ట్ సొంత ప్రతినిధి లూయీ జాన్సన్ ఢిల్లీలో దిగి, రక్షణ శాఖ ఎవరి చేతిలో ఉండాలన్న పేచీ తీర్చడానికి క్రిప్స్‌కూ కాంగ్రెస్‌కూ మధ్య తిరిగాడు. దాన్ని మధ్యవర్తిత్వం అనండి. ఆ బేరం తెగకముందే, 6వ తేదీన విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి.

ఇక అసలు ప్రశ్న. చర్చలు చెడిపోగానే ఏప్రిల్ 11న, క్రిప్స్ తిరుగు ప్రయాణం ఆపి ఇంకోసారి ప్రయత్నించమని రూజ్‌వెల్ట్ లండన్‌కు తంతి కొట్టాడు. చర్చిల్ వినలేదు. ఇక్కడ రూజ్‌వెల్ట్ ఇంకొకరి మాట చేరవేయలేదు, తన మాటే చెప్పాడు. అందుకని రాయబారం నప్పదు. దూత చేసే పని దౌత్యం కాబట్టి పుట్టుకలో అదీ ఇలాంటిదే. కానీ వాడుకలో బాగా విస్తరించింది. దూత కాలు కదపకపోయినా తంతులు, విందులు, ఒత్తిళ్లు అన్నీ అందులో ఇముడుతున్నాయి. ‘రూజ్‌వెల్ట్ దౌత్యపరంగా ఒత్తిడి తెచ్చాడు’ అని రాయండి. ‘రాయబారాలు నడిపాడు’ అంటే చాటుమాటు వ్యవహారమనే ఎత్తిపొడుపు వినిపిస్తుంది.

అన్నట్టు, నానక్‌రామ్‌గూడలో వీసాల కోసం బారులు తీరేచోటును కొందరు అమెరికా రాయబార కార్యాలయం అంటున్నారు. రాయబారి ఉండేది ఢిల్లీలో. ఇక్కడిది కాన్సులేట్.