టెక్ సందేహాలు: ఇంట్లో కూర్చుంటే వాచీలో ఎత్తు పెరుగుతోంది, ఎందుకు?

ప్రశ్న: నా స్మార్ట్ వాచీ పొద్దున పదింటికి మా ఇల్లు 498 మీటర్ల ఎత్తులో ఉందంటుంది. సాయంత్రం నాలుగింటికి అదే కుర్చీలో కూర్చుంటే 528 అంటుంది. రోజూ ఇదే వరస. రిపేరు షాపులో సెన్సర్ మార్చాలన్నారు. మార్పించమంటారా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

వద్దు, డబ్బులు తగలేయకండి. రోజూ అదే టైముకు అంతే తేడా వస్తోందంటే మీ సెన్సర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే.

వాచీకి ఎత్తు నేరుగా తెలియదు. గాలి పీడనాన్ని బట్టి లెక్కగడుతుంది. పీడనం ఒక హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే యూనిట్) తగ్గితే మీరు 9 మీటర్లు పైకెక్కారనుకుంటుంది. మన దగ్గర పీడనం ఉదయం 10 ప్రాంతంలో బాగా పెరిగి, సాయంత్రం 4కి 3, 4 హెక్టోపాస్కల్స్ మేర తగ్గుతుంది. మీ 30 మీటర్లు అక్కడివే. రాత్రి పదింటికి మళ్లీ పెరిగి, తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ తగ్గుతుంది. కావాలంటే ఒక రాత్రి మేలుకుని చూడండి, చూసి తీరాల్సిన విషయం.

ఇది గాలి ఆటుపోటు. సముద్రంలో చంద్రుడిది పైచేయి, గాలిలో సూర్యుడిది. అదీ ఆకర్షణతో కాదు, వేడితో. కింద ఉన్న నీటి ఆవిరి, 20 నుంచి 50 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఓజోన్ పగలంతా ఎండను పీల్చుకుంటాయి. ఆ వేడికి 24 గంటల అలలు, 12 గంటల అలలు పుడతాయి. ఓజోన్ దగ్గర పుట్టిన 12 గంటల అల నేల దాకా దిగివచ్చి మీ చేతికున్న వాచీని కదిలిస్తోంది.

మన్యంకొండ ఎక్కేటప్పుడు కింద ఎత్తు సరిచేసుకుని బయల్దేరండి, గంట తిరక్కుండా తేడా పెద్దగా రాదు. ఇంట్లో ఉన్నప్పుడు ఎత్తు బదులు పీడనం చూపే బారోమీటర్ మోడ్‌లో పెట్టండి. వాన కబురు కోసం చూస్తే మాత్రం పొద్దుటి అంకెతో సాయంత్రం అంకెను పోల్చకండి. నిన్న నాలుగింటికి ఎంత, ఇవాళ నాలుగింటికి ఎంత అని చూడాలి.

ప్రశ్న: యాసంగి కోతలప్పుడు ఫోన్ యాప్‌తో పొలం కొలుస్తాను. పగలు 2 ఎకరాల 10 గుంటలు వచ్చిన మడి, రాత్రి తొమ్మిదింటికి 2 ఎకరాల 16 గుంటలు వచ్చింది. రైతుతో గొడవైంది. ఫోన్ మార్చాలా?
– కోత మిషన్ నడిపే పాఠకుడు, మిర్యాలగూడ

ముందు ఫోన్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. క్యాబిన్ రేకు కింద ఉంటే పగలైనా తప్పే చూపిస్తుంది. బయట పెట్టినా రాత్రే తేడా వస్తోందంటే ఆకాశాన్ని అనుమానించాలి.

పైన చెప్పిన అలలు కిందికే కాదు, పైకీ పోతాయి. వంద కిలోమీటర్ల ఎత్తులో గాలి నేల మీదకంటే పది లక్షల రెట్లకు పైగా పలుచన. అందుకని కింద మనకు తెలియనంత చిన్న అల అక్కడ సెకనుకు పదుల మీటర్ల వేగమున్న గాలిగా మారుతుంది. అక్కడ ఉండేది అయనోస్ఫియర్. విద్యుదావేశం ఉన్న ఆ గాలి, భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలితే కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఇంకా పైనున్న పొరను ఎత్తుతుంది, దించుతుంది. పొద్దు గూకాక ఆ పొర ఒక్కసారి పైకి లేచి, అడుగున బుడగల్లాంటి ఖాళీలు ఏర్పడతాయి. ఉరుముల మబ్బుల నుంచి లేచే అలలు కూడా వాటికి విత్తనం వేయగలవని శాస్త్రవేత్తల అభిప్రాయం. తిరుపతి దగ్గర గాదంకి రాడార్‌తో ఈ అలలనూ బుడగలనూ ఏళ్లుగా గమనిస్తున్నారు.

జీపీఎస్ శాటిలైట్లు 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి. సిగ్నల్ ఈ బుడగల్లోంచి వస్తే మిణుకుమిణుకుమంటుంది, ఫోన్ దాన్ని వదిలేస్తుంది, యాప్ గీసే పొలం గీత పక్కకు దూకుతుంది. మన దేశంలో మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్ రాత్రుల్లో, అదీ సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఇది ఎక్కువ. మీ యాసంగి కోతలు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి. ఎల్5 అనే రెండో జీపీఎస్ సిగ్నల్‌నూ అందుకునే ఫోన్ కొంటే, అయనోస్ఫియర్‌లో సిగ్నల్‌కు అయ్యే మామూలు ఆలస్యం సర్దుకుంటుంది గానీ, ఈ మిణుకు పోదు. అందుకే కొత్త ఫోన్ కొనమని నేను చెప్పను. ఏదైనా జీపీఎస్ టెస్ట్ యాప్ తెరవండి. ఖాళీ పొలంలో కదలకుండా నిల్చున్నా కొన్ని శాటిలైట్ల సిగ్నల్ గీతలు మాత్రం ఎగిరెగిరి పడుతుంటే ఆ రాత్రికి కొలత ఆపేయండి. మిషన్ నడవనివ్వండి, గట్టు వెంట తెల్లారి ఏడింటికి కొలవండి. లెక్క రైతు ముందే తేల్చుకోండి.

ప్రశ్న: వెదర్ యాప్‌లో పీడనం 1008, నా ఫోన్‌లో 955. ఏది నిజం?
– ఒక విద్యార్థిని, జడ్చర్ల

రెండూ నిజమే. యాప్‌ది సముద్ర మట్టానికి సరిచేసిన అంకె. ఫోన్‌ది మీ ఊరి గాలిది.