గుండుతో ఇంటర్వ్యూకి వెళ్తే ఉద్యోగం రాదా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఆరు వారాల్లో క్యాంపస్ డ్రైవ్, ఇంట్లో అమ్మ మొక్కు బాకీ. "ఇప్పుడు గుండు కొట్టించుకుంటే ఇంటర్వ్యూలో నష్టమా? అసలే నల్లగా ఉంటాను, మొహం నిండా మొటిమల మచ్చలు. గడ్డం ఉంటే కొంచెం కవర్ అవుతోంది, అదీ తీసేయమంటున్నారు. నిజంగా రూపం చూసి ఉద్యోగం ఇస్తారా?" అని అడిగావు.

ఇస్తారు. అన్ని చోట్లా కాదు, అన్ని ఉద్యోగాలకీ కాదు. కానీ ఇస్తారు. సబ్జెక్టు వస్తే చాలు, మొహం ఎవరు చూస్తారు అని ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లది మంచి మనసే. నేను మాత్రం ఇంటర్వ్యూ బల్లకి అటూ ఇటూ రెండు వైపులా కూర్చున్నవాణ్ని కాబట్టి ఆ మాట అనలేను.

ముందు నా గుండు సంగతి చెప్తాను. మాది చంద్రగిరి పక్కన పల్లె. 2013లో, డిగ్రీ అయిపోయిన ఏడాది, నాకు టైఫాయిడ్ వచ్చింది. రెండు వారాలు మంచం దిగలేదు. తగ్గితే తలనీలాలు ఇప్పిస్తానని మా అమ్మ మొక్కుకుంది. తల నాది, మొక్కు ఆమెది. మన ఇళ్లల్లో ఇది మామూలేగా. చెన్నైలో ఇంటర్వ్యూ ఉంది, అది అయ్యాక వెళ్దామన్నాను. "ఏందిరా, దేవుడికిచ్చేదానికి కూడా లెక్కలేనా?" అంది. ఇంక మాట్లాడలేదు.

కల్యాణకట్టలో టోకెనూ బ్లేడూ చేతికిచ్చారు. నా ముందు ఒక పెద్దాయన, పక్కన ఆయన కొడుకు, ఆ కొడుకు ఒళ్లో ఏడాది నిండని బిడ్డ, ముగ్గురూ ఒకేసారి తలలు వంచి కూర్చున్నారు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది, తాత నవ్వుతున్నాడు. నా వంతు వచ్చినప్పుడు ముందు తలమీద నీళ్లు కొట్టి రుద్దారు, తర్వాత చర్రుమని ఒక్క గీత. ఐదు నిమిషాల్లో అయిపోయింది. స్నానం చేసి, గంధం పూసుకుని, దర్శనం చేసుకుని కొండ దిగాము. బస్టాండులో, టీ కొట్టు దగ్గర, మా ఊరి ఆటోలో, ఎక్కడా ఒక్కడు కూడా నా తలవైపు చూడలేదు. తిరుపతిలో గుండు మనకి గాలి లాంటిది, ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు.

వారం తర్వాత సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లాను. సేల్స్ ఉద్యోగం. లోపలికి వెళ్లి కూర్చోగానే ఎదురుగా ఉన్నాయన ఫైలు మూసేసి, గొంతు తగ్గించి, ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. తండ్రి పోయి, పదిరోజులు కాకముందే ఉద్యోగం కోసం వచ్చేశాడనుకున్నాడు పాపం. లేదు సార్, తిరుపతి అన్నాను. గదిలో నలుగురూ నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం ఏమీ లేదు. కానీ పక్కనున్న ఆమె, "వచ్చే వారమే జాయిన్ అవ్వమంటే ఇలాగే కస్టమర్ల దగ్గరికి వెళ్తారా?" అంది. నాకు నోట మాట రాలేదు.

ఉద్యోగం రాలేదు. గుండు వల్లే పోయిందని మూడు నాలుగేళ్లు కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నిజం చెప్పాలంటే అదే ఇంటర్వ్యూలో, మా సరుకు ధర పక్క కంపెనీ కంటే ఎక్కువ, దుకాణదారుకి ఏమని నచ్చజెబుతావు అని అడిగితే ఇంగ్లీషులో రెండు వాక్యాలు కలపలేకపోయాను. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. గుండు మీదికి తోసేయడం సుళువుగా ఉండింది. గుండు ఉన్నా ఆ జవాబు బాగా చెప్పుంటే తీసుకునేవాళ్లా? ఇప్పటికీ తెలియదు. రూపం విషయంలో పెద్ద చిక్కే ఇది. ఎందుకు తీసేశారో నీకు ఎవరూ రాసివ్వరు.

రాసిచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగవాళ్లకి ఎత్తు 167.6 సెంటీమీటర్లు అని ఉంటుంది. టేపు పెడతారు, సరిపోతే లోపల, లేకపోతే బయట. బాధే కానీ అనుమానం ఉండదు. ఆర్మీలో పచ్చబొట్టు ఎక్కడ ఉండొచ్చో, ఎక్కడ ఉండకూడదో రూల్ ఉంది. 2022 నవంబరులో ఎయిర్ ఇండియా క్యాబిన్ సిబ్బందికి ఇచ్చిన సూచనలు పేపర్లలో వచ్చాయి. నెరిసిన జుట్టుకి రంగు వేసుకోవాలి, బట్టతల బాగా కనిపించే మగవాళ్లు రోజూ తల నున్నగా గీయించుకోవాలి అని. అది చదివి నేను ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను. నా ఉద్యోగం పోగొట్టిందనుకున్న గుండు అక్కడ గ్రూమింగ్ అయింది!

ఇప్పుడు బల్లకి ఇవతలి వైపు సంగతి. ఇది చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంటుంది.

తర్వాత నేను తిరుపతిలోనే ఒక హోటల్లో చేరి, నాలుగేళ్లకి ఫ్రంట్ ఆఫీసు చూసుకునే స్థాయికి వచ్చాను. కొత్తవాళ్లని తీసుకునేటప్పుడు మేనేజరు పక్కన నన్నూ కూర్చోబెట్టేవాళ్లు. మా చేతికి ఒక కాగితం ఇచ్చేవాళ్లు. భాష, అనుభవం, కంప్యూటరు, ఆఖర్న 'పర్సనాలిటీ', ఒక్కోదానికి పది మార్కులు. మన తెలుగులో పర్సనాలిటీ అంటే ఏమిటో నీకు తెలుసు. 'వాడికి మంచి పర్సనాలిటీ' అంటే ఒడ్డూ పొడుగూ, రంగు, మొహం. గుణం గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట ఎవరూ వాడరు. ఆ గడికి ఎలా మార్కులు వేయాలో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఒకరోజు నగరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, పాతవే అయినా మెరిసేలా పాలిష్ చేసిన షూ. నలుపు. బుగ్గల నిండా మొటిమలు పోయి గుంటలు పడ్డ మచ్చలు. సరిహద్దు ఊరు కాబట్టి తమిళం మన తెలుగంత బాగా మాట్లాడాడు, హిందీ పర్వాలేదు, ఇంగ్లీషులో తడబడినా ఆగలేదు. మా హోటలుకి వచ్చేవాళ్లలో తమిళనాడువాళ్లే ఎక్కువ. రాత్రి పన్నెండుకి పిల్లలతో దిగి, దర్శనం టికెట్టులో పేరు తప్పు పడిందని ఏడుస్తూ వచ్చే కుటుంబానికి వాళ్ల భాషలో రెండు మాటలు చెప్పేవాడు ఎంత అవసరమో నాకు తెలుసు. అయినా ఆ ఆఖరి గడిలో నేను మూడు వేశాను. మేనేజరు రెండు వేశాడు. "పిల్లోడు మంచోడే, లోపల పనికి పెట్టుకుందాం" అన్నాడు. లోపల పని అంటే లాండ్రీ. నేను తల ఊపాను.

కౌంటరులోకి ఇంకొకణ్ని తీసుకున్నాం, ఎర్రగా ఉన్నవాణ్ని. (మన భాషలో తెల్లగా ఉన్నవాణ్ని ఎర్రగా ఉన్నాడంటాం. 'ఎర్రగా బుర్రగా ఉన్నాడు' అంటే ఇంక వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.) వాడు పని బాగానే చేశాడు. తమిళం వాళ్లొస్తే చేతులతో సైగలు చేసి ఎలాగో నెట్టుకొచ్చాడు. తప్పు మనిషిని తీసుకున్నామని ఎవరికీ అనిపించలేదు, ఎందుకంటే ఏ కొంపా మునగలేదు. నన్ను ఇప్పటికీ గుచ్చేది అదే. నగరి కుర్రాడు దుప్పట్ల మూటలు మోస్తూ లిఫ్ట్ దగ్గర ఎదురైతే "నమస్తే సార్" అనేవాడు. ఎనిమిది నెలలకి మానేశాడు. ఎక్కడ చేరాడో నేను అడగలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. మగవాడికైతే ఆ గడిలో మార్కులతో సరిపోయేది, వాళ్లకి మాటలు కూడా ఎదురయ్యేవి. కళ్లజోడు తీసేసి లెన్సు పెట్టుకోగలవా, కొంచెం లావు తగ్గగలవా అని పెద్దమనిషి తరహాలో అడిగేవాళ్లు. అడిగినవాడి పొట్ట బల్లకి ఆనుతుండేది, అది వేరే విషయం.

దీన్ని ఆపే చట్టం ఏదీ లేదా అంటావేమో. రాజ్యాంగంలో 15, 16 అధికరణాలు మతం, కులం, లింగం, పుట్టిన చోటు లాంటి వాటి పేరుతో వివక్ష చూపొద్దని ప్రభుత్వానికి చెప్తాయి. రంగు, మొహం ఆ వరసలో లేవు. 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులని గుర్తించింది. మొటిమల మచ్చలున్నవాడికి మాత్రం అలాంటి ఆసరా ఏమీ లేదు. కాబట్టి ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే తెలుసుకోవడం మేలు.

హోటల్ కౌంటరు, నగల దుకాణం, బట్టల షోరూము, విమానాలు, ఇంటింటికీ తిరిగే సేల్స్. వీటిల్లో రూపానికి మార్కులుంటాయి. కోడింగు, అకౌంట్లు, బ్యాక్ ఆఫీసు, ల్యాబు పనుల్లో చాలా తక్కువ. శ్రీసిటీ వైపు ఎలక్ట్రానిక్స్ లైన్లలోకి వెళ్తే తలకి టోపీ, మూతికి మాస్కు, ఒంటికి కోటు. కళ్లు తప్ప ఏమీ కనపడవు. అక్కడ నువ్వు గుండా, జడా ఎవడికి కావాలి? గడ్డం సంగతి మాత్రం చూసుకో. ఆహార పదార్థాల ఫ్యాక్టరీలో గడ్డానికి కూడా వల తొడగమంటారు, లేదా తీసేయమంటారు. రసాయనాల దగ్గర వాడే మూతి మాస్కు గడ్డం ఉంటే మొహానికి గాలి చొరకుండా అతుక్కోదు, అందుకే వద్దంటారు. అది నీ అందం గురించి కాదు, ఊపిరితిత్తుల గురించి. అలాంటి కారణం చెప్తే నిమిషం ఆలోచించకుండా తీసెయ్. "ప్రొఫెషనల్‌గా ఉండదు" అన్నారంటే అది ఇష్టాయిష్టాల సంగతి. నీటుగా ట్రిమ్ చేసిన గడ్డాన్ని ఇప్పుడు చాలాచోట్ల పట్టించుకోవడం లేదు. నేను చేరిన కొత్తలో మా హోటల్లో రోజూ నున్నగా గీసుకుని రావాలి, ఒక్కరోజు తప్పితే ఇంటికి పంపేవాళ్లు. నేను మానేసే నాటికి మేనేజరే గడ్డం పెంచాడు.

నలుపు, మచ్చల గురించి గట్టిగా ఒక్కటే చెప్తాను. ఆరు వారాల్లో తెల్లబడతానని మెడికల్ షాపుకి వెళ్లకు. మా రూమ్మేట్ ఒకడు పెళ్లిచూపులకి ముందు షాపువాడు ఇచ్చిన చిన్న ట్యూబు రాశాడు. పది రోజులు మొహం నిగనిగలాడింది. రెండు నెలలకి ఎండలోకి వస్తే మంట, బుగ్గలు మిరపకాయల్లా ఎరుపు, ఆపితే ముందుకంటే ఎక్కువ మొటిమలు. డాక్టరు ట్యూబు చూసి, స్టెరాయిడ్ ఇది, చర్మాన్ని పల్చబరిచేస్తుందని తిట్టాడు. మామూలయ్యేసరికి ఏడాది పట్టింది. 1975 నుంచి మన ఇళ్లలో ఉన్న ఆ క్రీము కూడా 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. పేరు మార్చుకున్నంత సుళువుగా మన కళ్లు మారలేదనుకో. మొటిమలు ఇంకా వస్తుంటే చర్మ డాక్టరుకి చూపించు, అది ఆరోగ్యం కోసం. గుంటలకి ఆరు వారాల్లో ఎవరూ ఏమీ చేయలేరు.

డబ్బులు పెట్టాలనుకుంటే కొలతకి కుట్టించిన ఒక చొక్కా, ఒక జత షూ మీద పెట్టు. గాంధీరోడ్డు అంతా తిరిగి అన్న పెళ్లికి కొన్న మెరుపుల చొక్కా వేసుకురాకు. నువ్వు నవ్వుతావు గానీ, వచ్చినవాళ్లు ఉన్నారు. గోళ్లు కత్తిరించుకో. రెజ్యూమెలో ఫొటో అడక్కపోతే పెట్టకు, మొహం కంటే ముందు మార్కులు చదవనివ్వు.

ఇక మొక్కు. ఆరు వారాలు ఉన్నాయిగా, ఈ వారమే వెళ్లొచ్చెయ్. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. డ్రైవ్ నాటికి మిలిటరీ కటింగ్‌లా ఉంటుంది, ముందురోజు సెలూన్లో మెడ వెనక గీత సరిచేయించుకుంటే చాలు. నాలాగా వారానికే వెళ్లకు. ఎవరైనా అడిగితే "తిరుమల మొక్కు సార్" అని నవ్వుతూ చెప్పి తర్వాతి ప్రశ్న కోసం చూడు. సంజాయిషీ ఇవ్వకు. చెన్నైలో నేను మొహం ముడుచుకున్నాను, అది గుండు కంటే ఎక్కువ కనిపించుంటుంది.

ఒక్క జాగ్రత్త. పోటీ పరీక్షలకి కూడా కట్టి ఉంటే హాల్ టికెట్ ఫొటో చూసుకో. యూపీఎస్సీ అయితే ఫొటోలో గడ్డం ఉంటే పరీక్షకీ గడ్డంతోనే రమ్మని సూచనల్లోనే రాస్తుంది. గేటు దగ్గర ఇన్విజిలేటరుతో వాదించే టెన్షన్ నీకెందుకు? గుండుకి ముందు ఫొటో ఇచ్చుంటే ఆధార్, ఇంకో ఐడీ దగ్గర పెట్టుకో.

అమ్మని కూడా తీసుకెళ్లు. వెళ్లేముందు జేబులో దువ్వెన ఇంట్లో పెట్టెయ్. నేను నెలరోజులు అద్దం కనిపించినప్పుడల్లా తీసి, మళ్లీ జేబులో పెట్టుకునేవాణ్ని.