గాలి లేనప్పుడు బొమ్మ బాగుందన్న మాటే మీ కేసు

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. పక్షవాతంతో మంచం పట్టిన నాన్నకు టీవీ ఒక్కటే కాలక్షేపం. నెలనెలా డబ్బు కట్టే స్తోమత లేదు. డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకుందామని పట్టణంలో ఒక దుకాణానికి వెళ్లాను. యజమాని స్వయంగా ఇంటికొచ్చి, డాబా ఎక్కి చూసి, ‘పక్కింటి కొబ్బరిచెట్టు అడ్డం ఉంది, రెండడుగుల డిష్ చాలదు, నాలుగడుగులది వేస్తే చెట్టున్నా లాగేస్తుంది’ అన్నాడు. ఆ మాటే ఫోనులో వాయిస్ మెసేజ్‌గా కూడా పంపాడు. బిగింపుతో కలిపి 6,800 రూపాయలు. 5,000 ఫోను ద్వారా పంపాను, మిగతాది చేతికిచ్చాను. బిల్లు ఇవ్వలేదు. గాలి లేనప్పుడు బాగానే వస్తుంది. సాయంత్రం గాలి తిరిగితే బొమ్మ ముక్కలవుతుంది. ఇరవై రెండు నెలలుగా దుకాణం చుట్టూ తిరుగుతున్నాను. మొన్న నలుగురిలో నన్ను హేళన చేశాడు. అమ్మ ఏడుస్తోంది. డిష్‌లు అమ్మే నా స్నేహితుడు పాత తేదీతో బిల్లు రాసిస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? ఆ చెట్టు కొట్టించవచ్చా? పాత ఫోను ఇచ్చేసి కొత్తది తీసుకుంటున్నాను, దానివల్ల ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఆ ఫోను ఇవ్వకండి. మీ కేసు మొత్తం అందులోనే ఉంది.

మీ ఉత్తరంలో హేళన గురించి, కన్నీళ్ల గురించి చాలా రాశారు. వినియోగదారుల కమిషన్ ముందు నిలిచేవి అవి కావు. ‘గాలి లేనప్పుడు బాగానే వస్తుంది’ అని మధ్యలో ఒక్క ముక్క రాశారు. అదే కేసును తేలుస్తుంది. గాలి లేనప్పుడు బొమ్మ నిలకడగా ఉందంటే డిష్‌లో లోపం లేదు, డిష్ ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీలో లోపం లేదు, బాక్సులోనూ లేదు. కొబ్బరి మట్ట ఊగి దారికి అడ్డం వచ్చినప్పుడే సిగ్నల్ తెగుతున్నట్టుంది. మీరు ‘లోపమున్న వస్తువు అమ్మాడు’ అని ఫిర్యాదు వేస్తే, అవతలివాళ్లు డిష్‌ను పరీక్షకు పంపమంటారు. బాగుందని నివేదిక వస్తుంది. మీ ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది.

మీ ఫిర్యాదు వేరే దారిలో నడవాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలి. డాబా ఎక్కింది అతను, చెట్టును చూసింది అతను, కొలత నిర్ణయించింది అతను, బిగించిన చోటు ఎంచుకున్నదీ అతనే. మీరే ‘నాకు నాలుగడుగులదే కావాలి’ అని పట్టుబట్టి ఉంటే నేను ఈ జవాబు రాసేవాణ్ని కాదు. తప్పుడు చోట బిగించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవాలోపం కూడా అవుతుంది.

అతని సలహా ఎంత తప్పో మీకు తెలియాలి. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి అది దక్షిణానికి, కొంచెం తూర్పుకు వాలి, నేల నుంచి సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మన ఇళ్లమీది డిష్ చూపుకు అంత పైకి తిరిగినట్టు కనిపించదు. దాని ఆకారం అలాంటిది, తరంగాలను మాత్రం అది పైనుంచే అందుకుంటుంది. అంత నిటారుగా వచ్చే తరంగాలకు, డిష్‌కంటే 30 అడుగులు ఎత్తున్న చెట్టయినా 13, 14 అడుగుల లోపు ఉంటేనే అడ్డం. అంటే డిష్‌ను డాబా మీద చెట్టుకు దూరంగా అవతలి మూలకు జరిపితే సరిపోయి ఉండవచ్చు. పెద్ద డిష్ వానలో కొంత మేలు చేస్తుంది, అంతేగాని చెట్టును దాటి చూడలేదు. పైగా ఎంత పెద్దదైతే అంత సూటిగా గురి కుదరాలి, గాలికీ అంత ఎక్కువ ఊగుతుంది. తిత్లీ తుపానును చూసిన జిల్లాలో ఈ సంగతి అతనికి తెలియదనుకోను.

ఇక ఫిర్యాదు వేసే గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ఇచ్చేది రెండేళ్లు, అది వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు మూలమైన తప్పు, పుట్టిన నాటి నుంచి. మీ విషయంలో బిగించిన రోజు నుంచే లెక్క అనుకోండి. ‘వచ్చే వారం చూస్తాను’ అని అతను మొన్న చెప్పిన మాటతో గడువు మళ్లీ మొదలుకాదు. లాయరు నోటీసు ఇచ్చినా, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసినా గడియారం ఆగదు. ఇరవై రెండు నెలలు కూర్చున్నారు! తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు ఉంది. కానీ చేతిలో రెండు నెలలుండగా ఆ మన్నింపు మీద ఆధారపడటం తెలివితక్కువ.

స్నేహితుడి బిల్లు ముట్టుకోకండి. డబ్బు ఒక దుకాణానికి వెళ్లి, బిల్లు మరో దుకాణం పేరున ఉంటే మొదటి వాయిదాలోనే పట్టుబడతారు. విచారణలో వాడటానికి దొంగ సాక్ష్యం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఇప్పుడు తప్పు దుకాణదారుడిది, అప్పుడు నిందితులు మీరు, మీ స్నేహితుడు. అసలు మీకు ఆ అవసరమే లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్నే చట్టం అనుచిత వాణిజ్య విధానంగా చూస్తుంది. 5,000 రూపాయలు ఎవరి ఖాతాకు ఏ రోజు వెళ్లాయో మీ బ్యాంకు స్టేట్‌మెంటు చెబుతుంది. చెట్టు మాటకొస్తే, అది పక్కింటివారి ఆస్తి. కొట్టిస్తే మీమీదే కేసు.

వాయిస్ మెసేజ్‌ను ఇంకో ఫోనుకు పంపుకుని అసలు ఫోను వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య నియమాలను అక్షరాలా పట్టుకోకపోయినా, అవతలి లాయరు ‘ఇది నా కక్షిదారు గొంతు కాదు’ అన్నప్పుడు అసలు ఫోను చూపగలగాలి. ప్రతిని దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయండి. మెసేజ్‌లోని మాటలను కాగితం మీద రాసి ఇవ్వండి.

ఈ వారమే వేరే మెకానిక్‌ను పిలిచి, సిగ్నల్ మీటరుతో ఇప్పుడున్న చోట, డాబా అవతలి మూలన కొలిపించండి. రెండు అంకెలూ రాసి సంతకం చేయమనండి, తర్వాత అతని అఫిడవిట్ కావాలి. సాయంత్రం గాలిలో మట్ట ఊగడం, బొమ్మ చెదరడం ఒకే వీడియోలో పడేలా తీయండి. శ్రీకాకుళంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు, లాయరు తప్పనిసరి కాదు. 6,800 తిరిగి ఇప్పించమని, ఖర్చులు, పరిహారం ఇప్పించమని కోరండి. పరిహారం దగ్గర మీ నాన్నగారి స్థితిని నాలుగు వాక్యాల్లో రాసి, వైద్య పత్రం జతచేయండి.

ఫొటోలు, వీడియో, కొలతలు చేతికొచ్చాక డిష్‌ను ఆ మూలకు జరిపించేయండి. రసీదు తీసుకుని ఆ ఖర్చునూ ఫిర్యాదులో కలపండి. తీర్పు వచ్చేదాకా నాన్నగారిని ఖాళీ టీవీ ముందు ఉంచనక్కర్లేదు.