మళ్ళీ సగంలో ఆగిపోని ఫాంటసీ కావాలంటే

తమ్ముడూ, ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాసిన జార్జ్ మార్టిన్ సిరీస్‌లో ఐదో భాగం, పాట్రిక్ రాత్‌ఫస్ ‘కింగ్‌కిల్లర్’ సిరీస్‌లో రెండోది రెండూ 2011లోనే వచ్చాయి. తరువాతివి వచ్చేదాకా ఏం చదవాలి, మళ్ళీ మధ్యలో ఆగిపోయేది మాత్రం వద్దు అన్నావు కదా. అయితే రాబిన్ హాబ్ ‘అసాసిన్స్ అప్రెంటిస్’ తెప్పించుకో. ఫిట్జ్ అనే కుర్రాడు, యువరాజుకి పెళ్ళి కాకుండా పుట్టినవాడు, తన కథ తానే చెబుతాడు. యుద్ధాలు తక్కువ, మనుషుల మధ్య నమ్మకాలూ ద్రోహాలూ ఎక్కువ. రాత్‌ఫస్ నచ్చినవాడివి, ఇది నిన్ను వదలదు. మొదటి మూడు పుస్తకాలు 1997కే పూర్తి. అదే లోకంలో మొత్తం 16 నవలలున్నాయి, 2017లో ముగిశాయి. మూడోదాని ముగింపు మనసు పిండేస్తుంది, పరీక్షల ముందు ముట్టుకోకు.

సింహాసనం గొడవలే కావాలంటే టాడ్ విలియమ్స్ ‘డ్రాగన్‌బోన్ చైర్’. మార్టిన్‌కే స్ఫూర్తినిచ్చిన సిరీస్‌లో మొదటి పుస్తకం అది. మొదట్లో నత్తనడకే, ఓపిక పట్టు.

‘వీల్ ఆఫ్ టైమ్’ 14 సంపుటాలు. దాన్ని రాస్తున్న రాబర్ట్ జోర్డాన్ 2007లో పోయాక బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత 2013కి పూర్తిచేశాడు. మధ్యలో బాగా సాగదీత, నేనైతే ఇప్పుడే వద్దంటాను.

పర్లాకిమిడిలో దొరక్కపోతే బరంపురమో విశాఖో వెళ్ళేవాళ్ళకి చెప్పు. సెట్ మొత్తం ఒకేసారి కొనేయకు, ముందు మొదటిది చదివి చూడు.