పాఠకుల ప్రశ్నలు: అబద్ధానికి మోగే గంట

ప్రశ్న: తిరుపతిలో మేం కొందరు మిత్రులం ఆదివారాల్లో కలిసి డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు అందులోని పాత్రలై, పాచికలు వేస్తూ ఆడే ఆట) ఆడుతుంటాం. ఆట నడిపేది నేనే. కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేస్తే దాగదని చిత్తూరు వైపు ఉన్న నమ్మకాన్ని మనసులో పెట్టుకుని, ఎవరు అబద్ధమాడినా మోగే ఇత్తడి గంటను మంత్రవస్తువుగా కల్పించాను. మొదటి పూటలోనే హంతకుడు దొరికిపోయి, వారాల తరబడి నడవవలసిన కథ ముగిసిపోయింది. గంటను తీసెయ్యాలా, లేక అప్పుడప్పుడు తప్పుగా మోగేటట్టు మార్చాలా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రెండూ వద్దు. ముందుగా మీ రెండో ఆలోచన సంగతి చూద్దాం. ఇరవై ముఖాల పాచికపై 1 పడినప్పుడు గంట పొరబడుతుందని నియమం పెట్టారనుకోండి, ఆటగాళ్లు అదే ప్రశ్నను మూడుసార్లు అడుగుతారు. మూడుసార్లూ గంట పొరబడే అవకాశం 8,000లో ఒక్కటి మాత్రమే కాబట్టి రహస్యం ఎలాగూ బయటపడుతుంది, మీకు మిగిలేది పాచికలు వేయడంలో పోయిన సమయమే.

ఇదే పని చేసే మంత్రం ఆ ఆటలోనే ఉంది. 2014 నాటి ఆట నియమాల అయిదో కూర్పులో జోన్ ఆఫ్ ట్రూత్ అనే మంత్రం 15 అడుగుల వ్యాసార్ధంలో, 10 నిమిషాల పాటు, దానికి లొంగినవారిని తెలిసి అబద్ధమాడనివ్వదు. అయినా కథలు కుప్పకూలడం లేదు, ఎందుకంటే మంత్రం తన మీద పనిచేస్తోందని లొంగినవాడికి తెలుస్తుంది, అతడు జవాబు దాటవేయవచ్చు, నిజాలనే వంకరగా పేర్చి చెప్పవచ్చు. మీ గంటకు ఈ వెసులుబాటు లేదు. అది మోగినా మోగకపోయినా తీర్పు వచ్చేసినట్టే. ఆటగాళ్లు ఆలోచించడానికి ఏమీ మిగలదు.

కాబట్టి శక్తిని తగ్గించకుండా, గంటకు ఒక స్వభావం ఇవ్వండి. మొదటి నియమం: తాను చెప్పేది అబద్ధమని చెప్పేవాడికి తెలిస్తేనే గంట మోగాలి. మోసపోయిన సాక్షి ఎంత తప్పు చెప్పినా అది నిశ్శబ్దంగానే ఉంటుంది, హంతకుడు ముందుగా అలాంటి సాక్షులను తయారు చేసుకోగలడు. రెండో నియమం: గంటకు యజమాని, పరాయివాడు అన్న తేడా ఉండకూడదు. జట్టులోని దొంగ కోట కాపలావాడికి మారుపేరు చెప్పినా, సంతలో కత్తి బేరమాడుతూ ‘ఇంతకు మించి నా దగ్గర పైసా లేదు’ అని యోధుడు అన్నా అది గణగణ మోగాలి. నిజానికి బేరమాడకుండా ఏ జట్టూ ఊరు దాటదు!

మూడో నియమమే నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గంటలో గుడ్డ కుక్కితే మోత ఆగుతుంది, అయితే ఆ మోతలను గంట మింగి దాచుకుని, గుడ్డ తీసిన మరుక్షణం వరుసగా మోగిస్తుంది. ఎన్ని అబద్ధాలు వినబడ్డాయో లెక్క తెలుస్తుంది గాని, అవి ఎవరివో తెలియదు. రాజు విందులో గుడ్డ కుక్కిన గంటతో కూర్చుని, బయటికి వచ్చి తీస్తే పదకొండు మోతలు వినిపించాయనుకోండి. అందులో మూడు తమవేనని ఆటగాళ్లే ఒప్పుకోక తప్పదు, మిగతా ఎనిమిదీ ఎవరివన్న వాదన ఆ పూటంతా నడుస్తుంది. హంతకుడు తప్పించుకోలేదు, కానీ అతడిని వెతికే పని మళ్లీ ఆటగాళ్ల చేతికి వచ్చింది.

వింత వస్తువుకు నియమం ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉండాలి, దాని ఉపయోగాలు మాత్రం మీరు ఊహించనివై ఉండాలి. అదే ఆటలో మీట నొక్కితే గాలిలో ఉన్నచోటే బిగుసుకుపోయి 8,000 పౌండ్ల బరువు మోసే ఇనుప కడ్డీ ఒకటుంది. తలుపుకు గడియగానూ, ఎక్కడానికి మెట్టుగానూ దానిని వాడుకునేది ఆటగాళ్లే. కడ్డీ వర్ణనలో ఆ మాటలేవీ లేవు.

ప్రశ్న: ఇలాంటి వస్తువులను రోజుకు ఇన్నిసార్లే వాడాలన్న పరిమితి తప్పనిసరా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: తప్పనిసరి కాదు. నిప్పు కురిపించే దండం వంటివాటికి ఛార్జీల (వాడినప్పుడల్లా ఖర్చయ్యే శక్తి మోతాదుల) లెక్క అవసరం. వాటిలో చాలావాటికి 7 ఛార్జీలుంటాయి, వాడినవాటిలో కొన్ని తెల్లవారగానే తిరిగి వస్తాయి, చివరి ఛార్జీ కూడా వాడేస్తే ఇరవై ముఖాల పాచికపై 1 పడినప్పుడు దండం పొడైపోతుంది. పై గంటలాగా వాడినవారికే ఇబ్బంది తెచ్చిపెట్టే వస్తువుకు ఈ లెక్క అక్కర్లేదు. దాన్ని ఎప్పుడు సంచిలో దాచాలో ఆటగాళ్లే నిర్ణయించుకుంటారు.