అమ్మకాలు బాగున్నా చేతిలో డబ్బు ఎందుకు ఆడదు? మా అట్టపెట్టెల యూనిట్ అనుభవం

ఆర్డర్లు బానే వస్తున్నా జీతాల రోజు అప్పు కోసం తిరగాల్సి వస్తోంది, లోపం ఎక్కడుందని అడిగారు. ముందు మీకు రావాల్సిన బాకీల లెక్క తీయండి. మాకు దెబ్బ తగిలింది అక్కడే.

విజయవాడ ఆటోనగర్‌లో మాది అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్. 2022లో ఒక పెద్ద కంపెనీకి 2 లక్షల సరుకు వేశాం. పెట్టెలు చేసే క్రాఫ్ట్ పేపర్ (గట్టి గోధుమరంగు కాగితం) రీళ్లకు డబ్బు ముందే కట్టాం. పెట్టెల మీద జీఎస్టీ అప్పట్లో 18 శాతం, అంటే 36,000. కాగితం మీద కట్టిన పన్ను అందులో తగ్గించుకున్నా, మిగిలింది తర్వాతి నెల 20లోపు కట్టాల్సిందే. సరుకు కొన్న పార్టీ మనకు డబ్బిచ్చిందా లేదా అని ఎవరూ చూడరు.

ఆ డబ్బు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఫోన్ చేస్తే "సార్ ఊళ్లో లేరు", "బిల్లు అకౌంట్స్‌లో ఉంది", "సోమవారం చేయండి". ఒక శనివారం కూలీలకు ఇవ్వడానికి మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాను. ఒక్క మాట అనకుండా కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

తర్వాత మా ఆడిటర్ చెబితే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేయించాను. ఆన్‌లైన్‌లోనే, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి. 2006 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాళ్లు డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. పైగా 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే వాళ్లు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలరు. అందుకే ఆ ఏడాది లెక్కలు ముగిసే 2024 మార్చిలో మొదటిసారి పార్టీలే ఫోన్ చేసి "మీ బాకీ ఎంతండీ" అని అడిగారు!

రాని బాకీల మీద ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. నేను చేయలేదు. పార్టీ పోతుందన్న భయం నిజమే, నాకూ ఉంది. అందుకే ఇప్పుడు కొత్తవాళ్ల దగ్గర సగం అడ్వాన్స్ తీసుకుంటాను. పాత బాకీ తీరందే రెండో లోడు ఎక్కించను. ఇలా ఇద్దరు పార్టీలు పోయారు, అయినా నిద్ర పడుతోంది.

ఒక్క విషయం. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. మీది తయారీయా, ట్రేడింగా? అది రాస్తే ఇంకా వివరంగా చెబుతాను.