పరాయి సైన్యంలో చేరాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. హిందీ, ఉర్దూ బాగా వచ్చు. ఈ భాషలు తెలిసిన విదేశీ విద్యార్థులను అమెరికా ఆర్మీ తీసుకుని, శిక్షణ అవగానే పౌరసత్వం ఇస్తుందని ఒక కన్సల్టెంట్ చెప్పాడు. పేరు నమోదుకు మూడు వేల డాలర్లట. కట్టమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: కట్టొద్దు. ఆయన చెప్పిన పథకం కల్పన కాదు, కానీ అది మూతపడి చాలా ఏళ్లయింది. దాన్ని మావ్నీ అనేవారు. 2008 నవంబరులో అప్పటి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ అనుమతి ఇచ్చారు. 2009 ఫిబ్రవరిలో వెయ్యి మంది కోటాతో ప్రయోగంగా మొదలైంది. మధ్యలో కొంతకాలం ఆగి, మళ్లీ తెరుచుకుని, 2016 ఆర్థిక సంవత్సరానికి కోటా ఐదు వేలకు చేరింది. మొత్తం మీద పదివేల మందికి పైగా చేరారు. డాక్టర్లు, నర్సులది ఒక దారి, భాషలవాళ్లది ఇంకో దారి. హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం, పంజాబీ జాబితాలో ఉండేవి.

గ్రీన్ కార్డు అక్కర్లేకపోవడమే దాని ప్రత్యేకత. ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాంటి చట్టబద్ధమైన హోదాలో రెండేళ్లు గడిపి ఉండాలి. ఆ రెండేళ్లలో ఏ ఒక్కసారీ 90 రోజులకు మించి అమెరికా బయట ఉండకూడదు. సైన్యం పెట్టే రాతపరీక్షలో 50 స్కోరు రావాలి, భాషా పరీక్ష గట్టెక్కాలి, నాలుగేళ్లు పూర్తికాలం పని చేస్తానని సంతకం పెట్టాలి. మీ కన్సల్టెంట్ బహుశా ఈ షరతులే అప్పజెప్పి ఉంటాడు. అవన్నీ ఒకప్పుడు నిజమే కాబట్టి వినేవాళ్లు నమ్మేస్తారు. 2016 చివర్లో కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు, 2017 సెప్టెంబరుతో పథకం గడువే తీరిపోయింది. ఇంకో మాట. అమెరికా ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఎవరి దగ్గరా రుసుము తీసుకోదు. పథకం నడిచిన రోజుల్లోనూ తీసుకోలేదు.

ప్రశ్న: మావ్నీలో సంతకాలు పెట్టిన వాళ్లు కూడా ఏళ్ల తరబడి ఆగిపోయారని విన్నాను. ఎందుకలా జరిగింది?
– హెచ్-1బి ఉద్యోగి, డాలస్

జవాబు: రెండు గడియారాలు ఒకదానితో ఒకటి కుదరకపోవడం వల్ల.

అమెరికాలో సంతకం పెట్టిన రోజే శిక్షణకు పంపరు. 'డిలేడ్ ఎంట్రీ' అనే నిరీక్షణ జాబితాలో పెడతారు. చట్టం ప్రకారం అందులో 365 రోజులు ఉంచవచ్చు, అవసరమైతే మరో 365 పొడిగించవచ్చు. మొదట్లో కొన్ని నెలల్లోనే శిక్షణ తేదీ వచ్చేది కాబట్టి ఇబ్బంది ఉండేది కాదు. 2016 సెప్టెంబరు 30న రక్షణ శాఖ కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి మావ్నీ అభ్యర్థికీ అత్యున్నత స్థాయి రహస్య పత్రాలు చూసేవారికి చేసేంత లోతైన నేపథ్య విచారణ జరగాలి. దానిపైన గూఢచార సంస్థల రికార్డుల తనిఖీ, ఆపైన ముఖాముఖి విచారణ. ఇన్ని వేల మందికి అంత విచారణ చేసే సిబ్బంది లేరు. ఫైళ్లు పేరుకుపోయాయి.

ఈలోగా విద్యార్థి వీసా గడియారం ఆగదు. చదువు అయిపోతుంది, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) అయిపోతుంది. సైన్యంలో పేరున్నా జీతం రాదు, ఇంకో చోట పనిచేసే అనుమతీ ఉండదు. హోదా నిలుపుకోవడానికి చాలామంది ఊరూపేరూ లేని కాలేజీల్లో మళ్లీ ఫీజులు కట్టారు. అందులో ఒకటి న్యూజెర్సీలో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ తానే పెట్టిన బూటకపు యూనివర్సిటీ. 2016 ఏప్రిల్‌లో అది బయటపడినప్పుడు దళారులతో పాటు ఆర్మీలో సంతకం పెట్టిన అభ్యర్థులు కొందరూ చిక్కుల్లో పడ్డారు. 2019లో మన పిల్లలను ముంచిన ఫార్మింగ్టన్ అనే బూటకపు యూనివర్సిటీది కూడా ఇదే తరహా వల. దాంతో పోలిస్తే న్యూజెర్సీ ఉదంతం మన దగ్గర పెద్దగా చర్చకు రాలేదు.

చేరినవారికీ సుఖం లేదు. అంతకుముందు సుమారు పది వారాల ప్రాథమిక శిక్షణ ముగిసేసరికి పౌరసత్వ ప్రమాణం కూడా అయిపోయేది. 2017 అక్టోబరు 13 ఆదేశంతో, సేవను ధ్రువీకరించే ఎన్-426 పత్రం మీద అధికారి సంతకం కావాలంటే ముందు 180 రోజులు పూర్తికాల సేవ చేయాలన్నారు. రిజర్వు దళంలో ఉంటే ఏడాది. దానిమీద కోర్టుకెక్కితే 2020 ఆగస్టులో వాషింగ్టన్ ఫెడరల్ కోర్టు ఆ కనీస కాలం షరతును కొట్టేసింది.

భాష కోసం తీసుకున్నారు కదా, అందరినీ దుబాసీలుగా వాడుకున్నారా అంటే అదీ లేదు. పౌరసత్వం రానిదే సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే అనుమతి) రాదు. క్లియరెన్స్ లేకపోతే నిఘా విభాగంలో అడుగు పెట్టనివ్వరు. పాష్తో, అరబిక్ ధారాళంగా మాట్లాడేవారికీ స్టోర్స్, వాహనాలు, వంటశాల లాంటి క్లియరెన్స్ అడగని పనులే దొరికేవి. పథకంలోని అసలు లోపం ఇదేనని మా అభిప్రాయం.

ప్రశ్న: ఈ మధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. ఇప్పుడు చేరవచ్చా? భాష తెలిసి ఉండటం పనికొస్తుందా?
– పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: చేరవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవారిని దాదాపు అన్ని దళాల్లోనూ సైనికులుగా తీసుకుంటారు. ఆఫీసరు కావాలంటే పౌరసత్వం ఉండాలి.

పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు, దానితో యూనిట్ సంతకం చేసిన ఎన్-426 పెట్టాలి. సైనికులకు రుసుము లేదు. మామూలు గ్రీన్ కార్డుదారుల్లా ఐదేళ్లు ఆగాల్సిన పనిలేదు. 2002 జూలై 3న అధ్యక్షుడు బుష్ ఇచ్చిన ఆదేశంతో 2001 సెప్టెంబరు 11 నుంచి, ఇన్నేళ్లు నివసించాలని అడగని యుద్ధకాల నిబంధనే వర్తిస్తోంది. ఒక మెలిక ఉంది. మొత్తం ఐదేళ్ల గౌరవప్రద సేవ నిండకుండా చెడ్డ రికార్డుతో బయటికి పంపిస్తే, ఇచ్చిన పౌరసత్వాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

ఇక భాష. అమెరికా ప్రభుత్వం భాషా సామర్థ్యాన్ని 0 నుంచి 5 వరకు కొలుస్తుంది. మావ్నీలో అడిగింది 2. అంటే ఉద్యోగం, కుటుంబం, వార్తల గురించి తడుముకోకుండా మాట్లాడాలి, జరిగినదాన్ని వరుస తప్పకుండా చెప్పాలి, రేపు చేయబోయేది వివరించాలి. మాట్లాడే పరీక్ష ఎక్కువగా ఫోనులోనే. ఇంట్లో ఇంగ్లీషు కలిపి మాట్లాడే అలవాటున్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. 'ట్రైన్ మిస్సయింది, సో క్యాబ్ బుక్ చేశా' అన్నది ఏ భాషో పరీక్షకుడు తేల్చుకోవాలి కదా! హైదరాబాదీ దక్కనీ మాట్లాడేవారు ఉర్దూ పరీక్షకు వెళ్లేముందు ఉర్దూ వార్తలు నెలరోజులు విని, విన్నది తిరిగి చెప్పడం సాధన చేస్తే మేలు.

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు అమెరికా ఆర్మీలో ఉన్నాడు, పౌరసత్వం వచ్చింది. ఓసీఐ కార్డు తీసుకుని ఇక్కడి పొలం చూసుకుంటానంటున్నాడు. కుదురుతుందా?
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) రాదమ్మా. చాలామందికి తెలియని నిబంధన ఇది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికే కాదు, పనిచేసి రిటైరైనవారికి కూడా భారత ప్రభుత్వం ఓసీఐ ఇవ్వదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న క్షణమే 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను కింద భారత పౌరసత్వం పోయింది. కాబట్టి పాత పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆపైన వచ్చిన ప్రతిసారీ వీసా మీదే రావాలి. పాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే అది నేరం.

పొలం సంగతి: ఇక్కడ నివసించే తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన భూమిని ఉంచుకోవచ్చు. కొత్తగా పొలం కొనడం ఓసీఐ ఉన్నవారికే కుదరదు. చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

ప్రశ్న: రష్యాలో ఆర్మీ హెల్పర్ పని, యుద్ధానికి వెళ్లనక్కర్లేదు అని మా ఊళ్లో ఏజెంటు తిరుగుతున్నాడు. ఎలా తేల్చుకోవాలి?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: వెళ్లొద్దు. ఇలాంటి మాటలు నమ్మి వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు యుద్ధంలో చనిపోయారు. 2024 మార్చిలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. మోసం జరిగే తీరు దాదాపు ఒకటే. సహాయకుడి పనో సెక్యూరిటీ పనో అంటారు. దిగగానే పాస్‌పోర్టు తీసుకుంటారు. రష్యన్‌లో ఉన్న కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటారు. అది సైనిక ఒప్పందమని తర్వాత తెలుస్తుంది. చదవలేని కాగితం మీద సంతకం పెట్టడమే ఇక్కడ కొంప ముంచుతుంది.

ఏ దేశానికైనా సరే, ఏజెంటుకు 1983 వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగాడంటే అక్కడితో మాట ఆపేయండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ విదేశీ ఉద్యోగాలు చూసే ప్రభుత్వ సంస్థలే. అక్కడ ఉచితంగా అడిగి తెలుసుకోవచ్చు.

ప్రశ్న: ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్‌లో చేరాలంటే ఫ్రెంచి రావాలా?
– డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అక్కర్లేదు, వాళ్లే నేర్పుతారు. విదేశీయులను తీసుకునే ఫ్రెంచి సైనిక దళం ఇది. దక్షిణ ఫ్రాన్సులోని కాస్తెల్‌నోదారీలో నాలుగు నెలల శిక్షణ ఉంటుంది, అందులో ఫ్రెంచి వచ్చినవాడిని రానివాడికి జోడీగా పెడతారు. మగవారికి మాత్రమే, వయసు పదిహేడున్నర నుంచి ముప్పై తొమ్మిదిన్నర లోపు. తొలి ఒప్పందం ఐదేళ్లు, మూడేళ్ల తర్వాత ఫ్రెంచి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ఎంపిక ఫ్రాన్సులోనే జరుగుతుంది. రాయబార కార్యాలయాల్లో చేర్చుకోరు, వీసా ఇప్పించరు, టికెట్టు కొనరు. మన దేశంలో 'లీజియన్ ఏజెంటు' అని ఎవరైనా చెప్పుకుంటే అతను మోసగాడే. సొంత ఖర్చుతో వెళ్లి ఎంపిక కాకపోతే తిరుగు టికెట్టు డబ్బులు కూడా మీవే. ఓసీఐ గురించి పైన చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.